చిమ్నీ పొగకి బ్లీచింగ్ కొడితే పనవుతుందా?

ముమ్మిడివరం కుర్రాడు (శనివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారమండి. కాకినాడలో కెమికల్ ఇంజినీరింగ్ ఫైనలియర్ చదువుతున్నాను. మా గైడ్ ప్రాజెక్టు టాపిక్ ఇచ్చారు: బొగ్గు ప్లాంటు పొగలో ఉండే సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, పాదరసం, ఈ మూడింటినీ ఆక్సిడెంట్ (ఆక్సీకరించే మందు) వాడి ఒకే స్క్రబ్బర్లో, అంటే పొగని కడిగే టవర్లో, తీసెయ్యడం. చదివిన పేపర్లలో ఒకరు ఓజోన్ అంటారు, ఒకరు హైడ్రోజన్ పెరాక్సైడ్ అంటారు, ఇంకొకరు సోడియం క్లోరైట్. చాలామంది తొంభై శాతం పైనే తీశామని రాసుకున్నారు. అంత బాగా పనిచేసేదైతే ప్లాంట్లలో ఎందుకు కనబడదు? నా బుర్రకి ఎక్కడం లేదు. ప్లాంట్లలో పనిచేసిన వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. రివ్యూ ఇంకో పది రోజుల్లో ఉంది, టెన్షన్‌గా ఉంది.

గోదారోడు (శనివారం, రాత్రి 9:32)

మన జిల్లాల్లో బొగ్గు ప్లాంటు ఎక్కడుంది తమ్ముడూ? విజ్జేశ్వరం, జేగురుపాడు, సామర్లకోట అన్నీ గ్యాసువే. అవి కూడా గ్యాసు అందక ఎన్నాళ్ళు పడుకున్నాయో తెలుసుగా. పొగే రాని చిమ్నీకి స్క్రబ్బర్ దేనికి, ఆయ్?

పాత షిఫ్ట్ (రాజమండ్రి, శనివారం, రాత్రి 10:05)

గోదారోడు గారూ, బొగ్గు ప్లాంటు మన ఊళ్ళో లేకపోవచ్చు, మన నది ఒడ్డున ఉన్నాయి. రామగుండం ఎన్టీపీసీ ఒక్కటే 2600 మెగావాట్లు. జైపూర్, భూపాలపల్లి, మణుగూరు, కిన్నెరసాని పక్కన కొత్తగూడెం, అన్నీ గోదావరి పరీవాహకంలోవే. ధవళేశ్వరం దగ్గర మనం తూము ఎత్తితే వచ్చే నీళ్ళు ఆ ఊళ్ళు దాటుకునే వస్తాయి.

కుర్రాడికి: నేను థర్మల్ స్టేషన్లో ముప్ఫై ఏళ్ళకి పైగా షిఫ్టులు చేసి రిటైరయ్యాను. ఏ స్టేషనో వద్దులే. పేపర్లు పక్కన పెట్టి ముందు పొగ దారి చూడు. బాయిలర్లోంచి వచ్చిన పొగ, లోపలికెళ్ళే గాలిని వేడిచేసే ఎయిర్ ప్రీహీటర్ దాటి, కరెంటుతో బూడిదని పట్టే ఈఎస్‌పీలో బూడిద వదిలి, ఐడి ఫ్యాను లాగితే చిమ్నీకి వెళుతుంది. ఎఫ్‌జీడీ, అంటే పొగలో సల్ఫర్ తీసే ఏర్పాటు, ఉంటే ఫ్యానుకీ చిమ్నీకీ మధ్యన స్క్రబ్బర్ వస్తుంది. దాంట్లో సున్నపురాయి పొడి కలిపిన స్లర్రీని పైనుంచి జల్లుతారు.

సల్ఫర్ డయాక్సైడ్ పిలిస్తే వచ్చే చుట్టం. స్లర్రీ తగలగానే కరిగిపోతుంది, గాలి ఊదితే జిప్సం అయి కూర్చుంటుంది. నైట్రోజన్ ఆక్సైడ్ల సంగతి వేరు. పొగలో అవి నూటికి తొంభై, తొంభై అయిదు పాళ్ళు నైట్రిక్ ఆక్సైడ్ రూపంలోనే ఉంటాయి. ఎన్‌ఓ అంటారుగా, అది నీళ్ళకి లొంగదు. సల్ఫర్ డయాక్సైడ్‌తో పోలిస్తే దాని కరిగే గుణం వందల రెట్లు తక్కువ. ఎంత ఎత్తు టవరు కట్టి ఎన్ని నాజిల్స్ పెట్టినా స్లర్రీ మధ్యలోంచి షికారు చేసి బయటికి పోతుంది. పాదరసం కూడా ఆవిరిగా ఉన్నంతసేపూ అంతే. దాన్నే క్లోరైడ్‌గా మారిస్తే నీళ్ళలో కరుగుతుంది.

అంచేత ఆక్సిడెంట్ చేసేది కడగడం కాదు. మొండివాళ్ళిద్దరి రూపం మార్చి, కరిగేలా చేసి, సల్ఫర్ కోసం ఎలాగూ కట్టిన టవర్లోకి తోలడం. ఆలోచన చక్కగానే ఉంది. చిక్కంతా ఆ తర్వాత.

చెరువు గట్టు (భీమవరం దగ్గర, ఆదివారం, ఉదయం 6:20)

నాకు పెద్ద చదువు లేదుగానీ, మీరు చెప్పే మందులన్నీ మా చెరువు షెడ్డులోనే ఉన్నాయండి. రొయ్య సీడ్ వదిలే ముందు నీళ్ళకి బ్లీచింగ్. పొటాష్ పర్మాంగనేట్ డబ్బా. పెరాక్సైడ్ క్యాన్. రెండు పొట్లాలు కలిపితే పసుపు పచ్చగా తిరిగే క్లోరిన్ డయాక్సైడ్ కూడా. మా కుర్రాడు చూసి నవ్వుతున్నాడు, మనం పవర్ ప్లాంటు పెట్టొచ్చు నాన్నా అని.

ఒక్క మాట అడుగుతాను. అడుగున బురద ఎక్కువగా ఉన్న చెరువులో పర్మాంగనేట్ వేస్తే అరగంటకల్లా గులాబీ రంగు పోయి గోధుమ రంగు తిరుగుతుంది. మందంతా బురదే తినేసింది, పురుగుకి అందలేదని మాకు లెక్క. మీ పొగలో అలా మందు తినేసే బురద ఏదైనా ఉందా?

ల్యాబ్ టీచర్ (తణుకు, ఆదివారం, ఉదయం 8:45)

చెరువు గట్టు గారూ, ఎమ్మెస్సీలో కూడా అందరూ అడగని ప్రశ్న మీరు అడిగారు. ఉందండి. ఆ బురద పేరు సల్ఫర్ డయాక్సైడ్.

సోడియం క్లోరైట్ తీసుకోండి. అది ఎన్‌ఓని ఆక్సీకరిస్తుంది, నిజమే. కానీ పక్కనే సల్ఫర్ డయాక్సైడ్ ఉంటే దాన్నీ అంతే ఇష్టంగా ఆక్సీకరిస్తుంది. పొగలో ఎన్‌ఓ అణువుల కంటే సల్ఫర్ డయాక్సైడ్ అణువులే ఎక్కువ. చవగ్గా దొరికే సున్నపురాయితో పోయే సల్ఫర్ కోసం ఖరీదైన క్లోరైట్ ఖర్చయిపోతుంది. అందుకని కొందరు రెండంచెలు పెడతారు: కింద సున్నపురాయి, సల్ఫర్ చాలావరకు పోయాక పైన క్లోరైట్. అప్పుడు ఒకే టవరు అన్న ముచ్చట సగం తీరిపోయినట్టే.

పర్మాంగనేట్‌తో ఇంకో గోల. మీరు చూసిన ఆ గోధుమ రంగు మాంగనీస్ డయాక్సైడ్. చెరువులో అడుక్కి దిగిపోతుంది, స్క్రబ్బర్లో అయితే నాజిల్స్‌కి పట్టుకుంటుంది. బ్లీచింగ్, క్లోరైట్, క్లోరిన్ డయాక్సైడ్, ఏది వాడినా చివరికి క్లోరైడ్ మిగులుతుంది. అదే నీళ్ళని టవర్లో తిప్పి తిప్పి వాడతారు కాబట్టి క్లోరైడ్ పేరుకుని స్టీలుని తినేస్తుంది. పెరాక్సైడ్ మంచిది, చివరికి నీళ్ళే మిగులుతాయి. అయితే అది ఒంటరిగా ఎన్‌ఓ మీద బద్ధకంగా పనిచేస్తుంది. అతినీల కాంతో, ఉత్ప్రేరకమో, వేడో తోడిచ్చి హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే ముక్కలుగా విడగొడితేనే చురుకు.

వీటన్నిటిలో బురద జోలికి పోనిది ఓజోన్. ఎన్‌ఓని క్షణాల్లో పట్టుకుంటుంది, సల్ఫర్ డయాక్సైడ్‌ని దాదాపు వదిలేస్తుంది. ఒక ఎన్‌ఓ అణువుకి ఒక ఓజోన్ అణువు వేస్తే ఎన్‌ఓ2, అంటే నైట్రోజన్ డయాక్సైడ్, వస్తుంది. ఒకటిన్నర వేస్తే ఎన్2ఓ5 దాకా పోతుంది, అది నీళ్ళు తగలగానే నైట్రిక్ ఆమ్లం. 200 డిగ్రీలు దాటిన పొగలో ఓజోన్ తనంతట తనే విరిగిపోతుంది, కానీ ఈఎస్‌పీ తర్వాత పొగ 130, 140 డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి సరిపోతుంది. లోటాక్స్ అనే పద్ధతి ఇదే. బీఓసీ గ్యాసెస్ వాళ్ళది, తర్వాత లిండే చేతికి వచ్చింది. ఎక్కువగా పెట్టుకున్నది చమురు శుద్ధి కర్మాగారాలు. బొగ్గు వాళ్ళు తక్కువ.

గోదారోడు (ఆదివారం, ఉదయం 9:02)

పొద్దున్నే పెసరట్టు తింటూ ఇది చదివాను. ఉప్మా నోట్లో ఉండగా హైడ్రాక్సిల్ రాడికల్ రావడం ఇదే మొదటిసారి. కానివ్వండి, అర్థమవుతోంది.

ముమ్మిడివరం కుర్రాడు (ఆదివారం, ఉదయం 11:15)

మేడమ్, చాలా థాంక్స్. ఓజోన్ ఎందుకు వాడరో లెక్క వేసి చూశాను. 500 మెగావాట్ల యూనిట్, పొగ గంటకి సుమారు 20 లక్షల ఘనపు మీటర్లు. నైట్రోజన్ ఆక్సైడ్లు ఘనపు మీటరుకి 450 మిల్లీగ్రాముల నుంచి 150కి దించాలనుకుందాం. అంటే గంటకి 600 కిలోలు తియ్యాలి. ఎన్‌ఓ అణుభారం 30, కాబట్టి అణువుల లెక్కలో 20 కిలోమోల్స్. దానికి ఒకటిన్నర రెట్లు ఓజోన్ అంటే 30 కిలోమోల్స్, 48తో గుణిస్తే 1440 కిలోలు. కిలో ఓజోన్‌కి 10 యూనిట్ల కరెంటు వేసుకుంటే 14.4 మెగావాట్లు! ప్లాంటు తీసే కరెంటులో మూడు శాతం పొగ కడగడానికే పోతుందా?

ల్యాబ్ టీచర్ (ఆదివారం, మధ్యాహ్నం 12:40)

దారి సరైనదే, ఒక్క చోట కాలు జారింది నాన్నా. పొగలో ఉన్నది ఎన్‌ఓ అయినా, నిబంధనల్లో ఆ మిల్లీగ్రాములని ఎన్‌ఓ2గా లెక్కగట్టి చెబుతారు. అందుకని 30తో కాదు, 46తో భాగించాలి. 600ని 46తో భాగిస్తే 13 కిలోమోల్స్. ఒకటిన్నర రెట్లంటే 19.6. ఓజోన్ దాదాపు 940 కిలోలు. కరెంటు 9.4 మెగావాట్లు, అంటే రెండు శాతానికి కాస్త తక్కువ. ఈ తప్పు రివ్యూలో దొరికితే పరువు పోయేది, ఇక్కడే దొరికింది కాబట్టి ఫరవాలేదు.

పాత షిఫ్ట్ (ఆదివారం, మధ్యాహ్నం 2:30)

రెండు శాతమే కదా అనుకోకండి. ప్లాంటులో మిల్లులు, ఫ్యాన్లు, పంపులు తినే సొంత వాడకంలో అర శాతం తగ్గించమని మమ్మల్ని మీటింగుల్లో కూర్చోబెట్టి పీకేవారు. అక్కడికెళ్ళి ఇంకో తొమ్మిది మెగావాట్లు ఇవ్వండి అంటే ఎవరు సంతకం పెడతారు?

పైగా ఓజోన్ మామూలు గాలితో చేస్తే పలచగా వస్తుంది. ఆక్సిజన్‌తో చెయ్యాలి. ఆక్సిజన్లో పదో వంతు ఓజోన్‌గా మారిందనుకో, గంటకి 9 టన్నులకి పైగా ఆక్సిజన్ కావాలి. రోజుకి 225 టన్నులు. పక్కన ఒక ఆక్సిజన్ ఫ్యాక్టరీ కట్టినట్టే, దాని కరెంటు నీ లెక్కలోకి ఇంకా రాలేదు.

అదీగాక ఓజోన్ పిసినారితనంగా వేసి ఎన్‌ఓ2 దగ్గర ఆపేశారనుకోండి, టవర్లో అది పూర్తిగా కరగదు. మిగిలింది చిమ్నీ మీద గోధుమ రంగు పొగై కనబడుతుంది. నైట్రిక్ ఆక్సైడ్‌కి రంగు లేదు, ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు ఊరంతా తలెత్తి చూస్తుంది. నా సర్వీసులో పొగ రంగు మారిన రోజు వచ్చినన్ని ఫోన్లు ఇంకెప్పుడూ రాలేదు.

ఊక బాయిలర్ (మండపేట, ఆదివారం, సాయంత్రం 4:10)

మా రైస్ మిల్లు బాయిలర్‌కి ఇవేమన్నా పనికొస్తాయా సార్? మాది ఊక, బొగ్గు కాదు.

పాత షిఫ్ట్ (ఆదివారం, సాయంత్రం 4:25)

ఊకలో సల్ఫర్ అంతంత మాత్రం. మీ బాధ బూడిద, నుసి. సైక్లోన్, బ్యాగ్ ఫిల్టర్ సరిగ్గా చూసుకోండి చాలు. ఓజోన్ జోలికి పోకండి.

చెరువు గట్టు (ఆదివారం, రాత్రి 8:50)

ఇప్పటిదాకా అందరూ గాలి గురించే మాట్లాడారు. నాది నీళ్ళ బతుకు, నీళ్ళ సంగతి అడుగుతాను. పొగలోంచి తీసింది ఎక్కడికి పోయినట్టు? ఎన్‌ఓని నైట్రిక్ ఆమ్లం చేసి నీళ్ళలో కలిపామన్నారు. ఆ నీళ్ళు?

మా చెరువులో నైట్రైట్ పెరిగిందంటే రాత్రి నిద్ర ఉండదండి. రొయ్య మేత మానేస్తుంది, గట్టు వారకి వచ్చి తిరుగుతుంది. ఏరేటర్లు ఆపకుండా తిప్పాలి, నీళ్ళు మార్చాలి. అయినా నిలబడుతుందన్న భరోసా లేదు.

ల్యాబ్ టీచర్ (ఆదివారం, రాత్రి 10:15)

ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నాను.

పైన లెక్కనే తీసుకుందాం. గంటకి 600 కిలోల నైట్రోజన్ ఆక్సైడ్లు నీళ్ళలోకి దించితే, అందులో నైట్రోజన్ 183 కిలోలు. రోజుకి సుమారు 4.4 టన్నులు. మన రైతులకి తెలిసే భాషలో చెప్పాలంటే యూరియాలో 46 శాతం నైట్రోజన్, బస్తా 45 కిలోలు. అంటే రోజుకి 210 బస్తాల యూరియాలో ఉన్నంత నైట్రోజన్ ఆ స్క్రబ్బర్ నీళ్ళలోకి చేరుతుంది. ఒక్క యూనిట్ నుంచి. ఏడాదంతా.

సల్ఫర్‌కి ఈ గొడవ లేదు. జిప్సంగా గడ్డకడుతుంది, వడగట్టి లారీకి ఎత్తొచ్చు. నైట్రేట్ అలా కాదు. మామూలు నైట్రేట్ లవణాలన్నీ నీళ్ళలో కరిగేవే. సున్నం వేసినా, పటిక వేసినా అడుక్కి దిగదు. బాక్టీరియాతో తిరిగి నైట్రోజన్ వాయువుగా మార్చాలి, లేదా నీళ్ళని మరగబెట్టి ఉప్పుగా తియ్యాలి. అమెరికాలో 2015లో ఎఫ్‌జీడీ మురుగునీటికి పెట్టిన పరిమితుల్లో ఆర్సెనిక్, పాదరసం, సెలీనియంతో పాటు నైట్రేట్, నైట్రైట్ కూడా ఉన్నాయి. ఆక్సిడెంట్ వాడకుండానే ఆ నీళ్ళకి అంత కథ ఉందన్నమాట.

ఇంకో మెలిక. ఎన్‌ఓ2 టవర్లో కరగాలంటే సల్ఫైట్ (సల్ఫర్ డయాక్సైడ్ కరిగాక మొదట అయ్యేది) తోడుంటే బాగా కరుగుతుంది. ఆ చర్యలో వచ్చేది మీకు నిద్ర లేకుండా చేసే నైట్రైటే. పైగా జిప్సం కోసం గాలి ఊదే టవర్లలో సల్ఫైట్ అంతా సల్ఫేట్ అయిపోయి పెద్దగా మిగలదు. ఎన్‌ఓ2కి సల్ఫైట్ కావాలి, జిప్సంకి సల్ఫైట్ ఉండకూడదు. ఒకే టవర్లో ఇద్దరు కోడళ్ళు.

గోదారోడు (ఆదివారం, రాత్రి 10:31)

రోజుకి 210 బస్తాలా! కాలువల్లోకి వదిలేస్తే సరి, మా సార్వాకి ఎరువు ఖర్చు తగ్గుతుంది.

కానీ చెరువు గట్టు గారూ, ఒక మాట అంటాను ఏమనుకోకండి. పంట పట్టేశాక మీ నీళ్ళు ఎక్కడికి వదులుతారు? భీమవరంలో యనమదుర్రు డ్రైన్ పక్కన ముక్కు మూసుకోకుండా నిలబడగలరా?

చెరువు గట్టు (సోమవారం, ఉదయం 5:55)

ఏమనుకోనండి, నిజమే కదా. మేమూ డ్రైన్లోకే వదులుతాం. ఆ డ్రైన్లో చెరువుల నీళ్ళతో పాటు ఊళ్ళ మురుగూ ఉంది, ఫ్యాక్టరీలదీ ఉంది. పై చెరువు వాడు వదిలిందే నేను తోడుకుంటానని తెలిసి ఇప్పుడు కొందరం సెటిలింగ్ చెరువు వేరే తవ్వుకున్నాం. అందుకేగా అడిగేది. కింద ఉన్నవాడికి పైవాడు ఏం కలిపాడో తెలియాలి.

ముమ్మిడివరం కుర్రాడు (సోమవారం, ఉదయం 7:30)

ఎరువు మాట నవ్వుకి అన్నా, నిజంగా ప్రయత్నించారట. పవర్‌స్పాన్ అనే అమెరికా కంపెనీ పొగలోంచి విద్యుత్ డిశ్చార్జ్ పంపి ఎన్‌ఓనీ పాదరసాన్నీ ఆక్సీకరించి, తర్వాత అమ్మోనియాతో కడిగింది. చివరికి వచ్చింది అమ్మోనియం సల్ఫేట్, నైట్రేట్. ఎరువుగా అమ్మొచ్చన్నారు. ఒహాయోలో బర్గర్ అనే ప్లాంటులో 50 మెగావాట్ల స్థాయిలో నడిపి చూశారు.

పాత షిఫ్ట్ (సోమవారం, ఉదయం 9:20)

చూశారు. కానీ పెద్ద యూనిట్లకి పాకలేదు. అమ్మోనియా కొనాలి, ఎరువు ఆరబెట్టాలి, పాదరసం ఎరువులోకి పోకుండా కార్బన్ ఫిల్టర్ పెట్టాలి, అమ్మాలి. కరెంటు అమ్ముకునేవాడిని ఎరువుల షాపు పెట్టమంటే ఎలా?

అమ్మోనియా ఎలాగూ కొంటున్నప్పుడు ఎస్‌సీఆర్ పెడితే పోలా అన్నది నా వాదన. బాయిలర్ వెనక 300 నుంచి 400 డిగ్రీల్లో వెనేడియం, టైటానియం ఉత్ప్రేరకం మీద ఎన్‌ఓ, అమ్మోనియా కలిసి నైట్రోజన్ వాయువు, నీటి ఆవిరి అవుతాయి. వచ్చిన గాలికే తిరిగి పోతుంది. చెరువు గట్టు గారి ప్రశ్నకి సమాధానం అక్కడే ఉంది, నీళ్ళలోకి దిగేదేం లేదు. క్లోరిన్ కాస్త ఉంటే పాదరసాన్ని కూడా ఆ ఉత్ప్రేరకమే చాలావరకు ఆక్సీకరిస్తుంది.

ల్యాబ్ టీచర్ (సోమవారం, మధ్యాహ్నం 1:10)

పాత షిఫ్ట్ గారూ, సగమే చెప్పారు. మన బొగ్గులో బూడిద 35 నుంచి 45 శాతం. ఈఎస్‌పీకి ముందే పెట్టే ఎస్‌సీఆర్ మీద ఆ బూడిదంతా ఇసుక కాగితంలా రాసుకుంటూ పోతుంది. వాడుకోని అమ్మోనియా సల్ఫర్ ట్రైఆక్సైడ్‌తో కలిసి ఎయిర్ ప్రీహీటర్లో బంకలా అంటుకుంటుంది. ఇక క్లోరిన్ అంటారా, మన బొగ్గులో అది తక్కువ. ఎస్‌సీఆర్ బంగారం, ఆక్సిడెంట్ ఇత్తడి అంటే నేను ఒప్పుకోను. ఓజోన్‌కి ఈ బూడిద బాధ లేదు, ఈఎస్‌పీ తర్వాతే కదా వేసేది. పాత ప్లాంటులో బాయిలర్ వెనక జాగా లేని చోట ఆ సౌకర్యం చిన్నదేం కాదు.

పాత షిఫ్ట్ (సోమవారం, మధ్యాహ్నం 3:45)

బంక సంగతి మీరు చెప్పాలామ్మా, దాన్ని గీకించినవాణ్ణి నేను. ఒక స్టేషన్లో డెప్యుటేషన్ మీద ఉండగా అమ్మోనియా ట్రయల్ చేశారు. ఎయిర్ ప్రీహీటర్ మూసుకుపోయి ఫ్యాన్లు ఆయాసపడ్డాయి, చివరికి షట్‌డౌన్ తీసుకుని నీళ్ళతో కడిగాం. మూడు రోజులు ఒళ్ళంతా అదే వాసన. ఒప్పుకుంటాను, ఎస్‌సీఆర్ మన బొగ్గుకి అల్లుడి మర్యాదలు అడుగుతుంది. అయినా ఆ అల్లుడు నీళ్ళు పాడుచెయ్యడు.

సముద్రపు గాలి (కాకినాడ, సోమవారం, సాయంత్రం 6:05)

ఇదంతా చదువుతుంటే నాకొకటి అనిపిస్తోంది. కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో పరిమితులు పెట్టింది. 2017 నుంచి వచ్చే యూనిట్లకి ఘనపు మీటరుకి సల్ఫర్ డయాక్సైడ్ 100, నైట్రోజన్ ఆక్సైడ్లు 100, పాదరసం 0.03 మిల్లీగ్రాములు. పాతవాటికి ఇంకాస్త సడలింపు. 2003, 2016 మధ్య కట్టిన యూనిట్ల నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి మొదట 300, 2020లో 450 చేశారు. గడువులు జరుగుతూనే వచ్చాయి. 2025 జులైలో చాలా యూనిట్లకి అసలు ఎఫ్‌జీడీయే తప్పనిసరి కాదన్నారు. ఢిల్లీ ప్రాంతానికీ, పది లక్షలు దాటిన నగరాలకీ పది కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్ళకి మాత్రం 2027 ఆఖరు గడువు.

ఎఫ్‌జీడీ లేదంటే టవరే లేదు. టవర్ లేకుండా ఆక్సిడెంట్ వేస్తే ఏమవుతుంది?

ల్యాబ్ టీచర్ (సోమవారం, సాయంత్రం 6:40)

ఎన్‌ఓ బదులు ఎన్‌ఓ2 బయటికి వస్తుంది. ఊపిరితిత్తులకి రెండోదే ఎక్కువ హాని. వెయ్యకపోవడమే మేలు. చాలా ముఖ్యమైన మాట అన్నారు. తమ్ముడూ, ఇది నీ రిపోర్టు మొదటి పేజీలో ఉండాలి.

ముమ్మిడివరం కుర్రాడు (సోమవారం, రాత్రి 9:00)

రాసుకున్నాను మేడమ్. పాదరసం ఒకటి మిగిలింది. ఆక్సీకరించి నీళ్ళలోకి దించాక అది అక్కడే ఉంటుంది కదా?

ల్యాబ్ టీచర్ (సోమవారం, రాత్రి 10:20)

ఉండదు, అదే చిక్కు. ముందుగా, ఓజోన్ ఎన్‌ఓని పట్టినంత చురుగ్గా పాదరసం ఆవిరిని పట్టదు. క్లోరిన్ కానీ బ్రోమిన్ కానీ తోడుంటేనే పని. అందుకే కొన్ని దేశాల్లో బొగ్గు మీద కాల్షియం బ్రోమైడ్ చల్లుతారు. సరే, ఎలాగో ఆక్సీకరించి కరిగించాం అనుకో. టవర్లో సల్ఫైట్ ఉంటే అది పాదరసాన్ని మళ్ళీ వెనక్కి, మామూలు లోహపు రూపానికి తెచ్చేస్తుంది. మళ్ళీ ఆవిరై చిమ్నీ ఎక్కుతుంది. ఎన్‌ఓ2కి చుట్టమైన సల్ఫైటే పాదరసం విషయంలో ఇంటి దొంగ. దాన్ని పట్టి ఉంచాలంటే సల్ఫైడ్ లాంటిది వేసి గట్టిపరచాలి. అప్పుడు కొంత జిప్సంలోకి, కొంత మురుగులోకి చేరుతుంది.

పరిమితి 0.03 దగ్గరే నడిచే 500 మెగావాట్ల యూనిట్ అయితే గంటకి 60 గ్రాములు, రోజుకి 1.4 కిలోలు. వినడానికి తక్కువే. 1956లో జపాన్‌లో పాదరసం వల్ల వచ్చే మినమాట జబ్బు బయటపడింది. అది బొగ్గు వల్ల కాదు, ఒక రసాయన ఫ్యాక్టరీ మురుగు వల్ల. కానీ మనుషుల దాకా వచ్చిన దారి మాత్రం నీళ్ళూ, చేపలే.

చెరువు గట్టు (మంగళవారం, ఉదయం 6:05)

జిప్సంలోకి చేరుతుందన్నారా? మేము చెరువుకీ, చౌడు పట్టిన చేలకీ వేసే జిప్సం బస్తా ఎక్కడి నుంచి వస్తుందో నేనెప్పుడూ అడగలేదు. ఇవాళ షాపుకెళ్ళి అడుగుతాను.

పాత షిఫ్ట్ (మంగళవారం, ఉదయం 8:30)

అడగండి, గాభరా పడకండి. ప్లాంటు జిప్సం ఎక్కువగా సిమెంటుకే పోతుంది.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక పాత కథ. లండన్‌లో బాటర్సీ పవర్ స్టేషన్ అని 1930ల్లో కట్టారు. ఊరి మధ్యలో కాబట్టి పొగని కడగాల్సిందే అన్నారు. థేమ్స్ నది నీళ్ళు తోడి, సుద్ద కలిపి, పొగ మీద జల్లారు. సల్ఫర్ బాగానే పోయింది. కడిగిన నీళ్ళు ఏం చేశారనుకుంటున్నారు? తిరిగి థేమ్స్‌లోకే. మా ట్రైనింగులో ఇది చెప్పినప్పుడు అందరం నవ్వాం. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఊక బాయిలర్ (మంగళవారం, ఉదయం 8:52)

బ్యాగ్ ఫిల్టర్ విప్పి చూశాను సార్. రెండు సంచులు చిరిగి ఉన్నాయి. చెప్పినందుకు థాంక్స్.

ముమ్మిడివరం కుర్రాడు (మంగళవారం, రాత్రి 8:15)

ఇవాళ గైడ్ గారిని కలిశాను. మొదట నా ప్లాన్ ఏంటంటే, గాజు గొట్టంలో క్లోరైట్ ద్రావణం పోసి, సిలిండర్ నుంచి ఎన్‌ఓ, సల్ఫర్ డయాక్సైడ్ కలిపిన గ్యాసు బుడగలుగా పంపి, పైన ఎంత తగ్గిందో కొలిచి శాతం రాసెయ్యడం. నేను చదివిన వాటిలో చాలా పేపర్లు అక్కడే ఆగిపోయాయి. ఇప్పుడు ద్రావణాన్ని కూడా కొలుస్తానన్నాను. గ్యాసులోంచి పోయిన నైట్రోజన్ అంతా నీళ్ళలో నైట్రేట్‌గా ఎంత, నైట్రైట్‌గా ఎంత దొరికిందో, సల్ఫర్ డయాక్సైడ్ పెంచుతూ పోతే క్లోరైట్ ఎంత వేగంగా అయిపోతుందో చూస్తాను. ఆయన కాసేపు ఆలోచించి సరే అన్నారు. పాదరసం మాత్రం మన ల్యాబులో వద్దన్నారు.

ల్యాబ్ టీచర్ (మంగళవారం, రాత్రి 8:40)

పాదరసం వద్దనడం సబబే. క్లోరైట్‌లో ఆమ్లం పడితే క్లోరిన్ డయాక్సైడ్ లేస్తుందని మర్చిపోకు. సల్ఫర్ డయాక్సైడ్ పంపేకొద్దీ ద్రావణం ఆమ్లం వైపు పోతుంది. పీహెచ్ చూస్తూ ఉండు, ఫ్యూమ్ హుడ్ బయట చెయ్యకు. ఆ వాయువు గాలిలో పది శాతం దాటి పోగైతే పేలుతుంది.

ముమ్మిడివరం కుర్రాడు (మంగళవారం, రాత్రి 8:55)

అలాగే మేడమ్. ఒక ఇబ్బంది, నైట్రైట్ కొలిచే రసాయనాలు డిపార్ట్‌మెంటులో అయిపోయాయి. ఆర్డరు పెడితే రివ్యూ లోపు రావంటున్నారు.

చెరువు గట్టు (మంగళవారం, రాత్రి 9:10)

మా షెడ్డులో నైట్రైట్ కిట్లు రెండున్నాయి, ఒకటి సీలు కూడా తియ్యలేదు. రంగు చూసి చార్టుతో పోల్చుకోవడమే. అది చెరువు నీళ్ళ కొలత, మీ నీళ్ళు ఘాటుగా ఉంటాయి కాబట్టి వంద రెట్లో వెయ్యి రెట్లో పలచన చేసుకోవాలేమో, మేడమ్ గారిని అడుగు. ఆదివారం మావాడు కాకినాడ వస్తున్నాడు, ఇచ్చి పంపుతాను. మీ హాస్టల్ ఎక్కడో మెసేజ్ పెట్టు బాబూ.

ల్యాబ్ టీచర్ (మంగళవారం, రాత్రి 9:25)

పలచన చెయ్యాలండి. ముందు ద్రావణంలో మిగిలిన క్లోరైట్ తీసేయాలి, లేకపోతే అది కిట్‌లో రంగునే చెరిపేస్తుంది. ఎలాగో రేపు విడిగా రాస్తాను.